పిలుపు వచ్చినది, విడిభాగము రాలేదు

మోటారు సైకిలు కొన్నవానికి దానిని తయారుచేసిన కంపెనీ నుండి వచ్చు సందేశములు సాధారణముగా సంతోషకరములుగనే ఉండును. పండుగలకు శుభాకాంక్షలు, ఉచిత సర్వీసు గడువు దగ్గరపడినదని జ్ఞాపికలు, క్రొత్త బండి వచ్చినది చూచిపొమ్మని ఆహ్వానములు. పది పన్నెండు సంవత్సరములుగా మన దేశమున వీని నడుమ వేరొక రకపు జాబు కూడ కనబడుచున్నది. దాని సారాంశము నాలుగే వాక్యములు. తమ బండిలోని ఒక భాగమున లోపము ఉన్నట్లు గుర్తించితిమి. అది ప్రమాదమునకు దారితీయవచ్చును. దానిని ఉచితముగా మార్చియిచ్చెదము. విడిభాగములు లభించిన వెంటనే తమకు తెలియజేసెదము.

మొదటి మూడు వాక్యములను గురించి పత్రికలు వ్రాయును, శాసనములు మాటలాడును. నాలుగవ దానిని పట్టించుకొనువారు తక్కువ. లభించిన వెంటనే అనగా ఎప్పుడు? అంతదాక ఆ బండిని ఏమి చేయవలెను? తోలవచ్చునా, తోలరాదా? ఈ ప్రశ్నలకు జాబులో సమాధానము ఉండదు. బండివాడు ఆ జాబు చదివిన క్షణము వరకు నిశ్చింతగా తిరిగినాడు. ఇప్పుడు వానికి భయము వచ్చినది గాని మందు రాలేదు.

దీనికి ఇంగ్లీషువారు పెట్టిన పేరు రీకాల్. మన పత్రికలును ఆ మాటనే తెలుగు లిపిలో వ్రాయుచున్నవి. రాజకీయములలో ఈ మాటకు వేరొక అర్థము కలదు. ఎన్నుకొన్న ప్రతినిధి పనికిరానివాడని తేలినచో గడువు ముగియక మునుపే ప్రజలు వానిని వెనుకకు పిలుచుట. మన శాసనసభ్యుల విషయమున అట్టి హక్కును రాజ్యాంగము మనకు ఈయలేదు గనుక, మన వాడుకలోని రీకాల్ బండ్లకు సంబంధించినది మాత్రమే.

ఇట్టి పిలుపులలో మిక్కిలి చిక్కయినది ఇంజను వేడెక్కు లోపమును గురించిన పిలుపు. వేడెక్కుట ఏమంత విశేషము, ఇంజను వేడెక్కక చల్లగా ఉండునా అని అడుగువారు ఉందురు. నిజమే. పెట్రోలు ఆవిరి గాలితో కలిసి సిలిండరులో మండునప్పుడు ఆ మంట వేడిమి 2,000 సెంటిగ్రేడు డిగ్రీలకు పైబడును. ఆ మంటకు క్రిందనే కదలాడు పిస్టను అల్యూమినియపు మిశ్రలోహముతో చేసినది. శుద్ధమైన అల్యూమినియము 660 డిగ్రీలకే కరగిపోవును. మరి పిస్టను ఎట్లు బ్రతుకుచున్నది? నిమిషమునకు 6,000 చుట్లు తిరుగు నాలుగు స్ట్రోకుల ఇంజనులో ఒక్కొక్క సిలిండరునందు సెకనుకు 50 మార్లు మంట పుట్టును. కాని ఒక్కొక్క మంట నిలుచునది సెకనులో కొన్ని వేయవ వంతులు మాత్రమే. వెంటనే చల్లని గాలియు పెట్రోలును లోనికి వచ్చును. పిస్టను వేడిమి రింగుల గుండ సిలిండరు గోడలకును, గోడల నుండి వెలుపలి రెక్కలకును ప్రాకి గాలిలో కలియును. నీటితో చల్లబరచు ఇంజనులో ఆ పనిని రేడియేటరు చేయును. కొంత వేడిమిని ఆయిలు మోసికొనిపోవును. మనము పోయించు పెట్రోలులోని శక్తిలో చక్రమును త్రిప్పుటకు పనికివచ్చునది సుమారు నాలుగవ వంతు. మిగిలినదంతయు వేడిమియై బయటికి పోవలసినదే. ఇంజను చేయువాని నేర్పులో సగము మంట పుట్టించుటలో ఉన్నచో, తక్కిన సగము ఆ మంటను సాగనంపుటలో ఉన్నది.

ఆ సాగనంపుటలో ఎక్కడ లోటు వచ్చినను ఫలము ఒక్కటే. క్రాంకు షాఫ్టు తిరుగు బేరింగుల నడుమ లోహమునకు లోహము తగులకుండ అడ్డుగా ఉండునది ఆయిలు పొర. దాని మందము కొన్ని మైక్రానులు. మన తలవెండ్రుక మందము సుమారు 70 మైక్రానులు అని చెప్పినచో ఆ పొర ఎంత పలుచనిదో ఊహింపవచ్చును. వేడిమి పెరిగినకొలది ఆయిలు మరింత పలుచబడును. ఒక హద్దు దాటిన పిమ్మట పొర చినిగి లోహము లోహమును ఒరయును. ఒరపిడి వలన మరింత వేడిమి పుట్టును. ఇక పిస్టను సంగతి వేరు. పోత ఇనుముతో పోల్చినచో అల్యూమినియము వేడికి సుమారు రెండింతలు వ్యాకోచించును. ఇనుప సిలిండరులో అల్యూమినియపు పిస్టను ఉన్న ఇంజనునందు వేడిమి మితిమీరినచో లోపలిది ఉబ్బును, బయటిది అంతగా ఉబ్బదు. చివరకు పిస్టను కదలక బిగిసిపోవును. మన షెడ్డులలో దీనినే ఇంజను సీజైనదనియు, పిస్టను పట్టేసినదనియు అందురు.

ఇంటి ముందు నిలిపి స్టార్టు చేసినప్పుడు పట్టేసినచో అది డబ్బు నష్టము. గంటకు 80 కిలోమీటర్ల వేగమున పోవునప్పుడు పట్టేసినచో కథ వేరు. ఇంజను ఆగినది, ఇంజనుతో చైను ఆగినది, చైనుతో వెనుక చక్రము ఆగినది. బండి మాత్రము ముందుకు పోవుచునే ఉన్నది. కారు నాలుగు కాళ్లమీద నిలుచును. మోటారు సైకిలు నిలుచునది కదలిక వలన. వెనుక చక్రము ఒక్కసారిగా బిగిసినచో అది ప్రక్కకు జారును. ఆ క్షణమున క్లచ్చు లివరు నొక్కినచో చక్రము ఇంజను నుండి విడివడి తిరుగును. అలవాటు పడిన చేయి ఆ పని చేయును. కాని వెనుక నుండి లారీ వచ్చుచున్నప్పుడు, భార్యయో బిడ్డయో వెనుక కూర్చుండియున్నప్పుడు, ఆ ఆలోచన వచ్చుటకు ఎంత వ్యవధి దొరకును? అందువలననే ఇంజను వేడెక్కు లోపమును మరమ్మతు ఖర్చుల పద్దులో వ్రాసి ఊరకుండుటకు వీలులేదు. అది ప్రాణమునకు సంబంధించినది.

ఇట్టి జాబు అందుకొన్నవాడు మొదట పోవునది డీలరు వద్దకు. అక్కడ పని జరుగనిచో తన పేటలోని షెడ్డుకు పోవును. అప్పుడు జరుగు సంభాషణ ఏ ఊరనైనను ఇంచుమించు ఇట్లే ఉండును.

“ఏం మేస్త్రీ, ఈ బండి తోలొచ్చా, తోలకూడదా?”

“కంపెనీ వాళ్లేమన్నారు మాస్టారూ?”

“సామాను ఇంకా రాలేదు, వచ్చాక ఫోను చేస్తామన్నారు.”

“మరి అందాకా తోలొద్దన్నారా?”

“అదీ అనలేదు.”

“నేను చెయ్యి పెడితే వారంటీ పోయిందంటారు. పెట్టకపోతే మీకు భయం. ఆయిలు చూసుకోండి, నీళ్లు చూసుకోండి, మిట్టమధ్యాహ్నం హైవే మీద లాగించకండి. అంతకంటే నేనేం చెప్పను?”

మేస్త్రి చెప్పినది మంచి మాటయే. దానికి రెండు మాటలు చేర్చవచ్చును. కాగిన ఇంజనుమీద చల్లని నీరు గుమ్మరింపరాదు. లోహము హఠాత్తుగా ముడుచుకొని చిట్లవచ్చును. కాగియున్న రేడియేటరు మూత విప్పరాదు. లోపలి నీరు ఒత్తిడితో ఎగజిమ్మి ముఖము కాల్చును. కాని తయారీ లోపమునకు ఇవి చికిత్సలు కావు. ఫ్యాక్టరీలో బేరింగు సందు తక్కువైనచో ఏ పేట మేస్త్రి ఆయిలు చూచి సరిదిద్దగలడు?

లోపము తెలియజేయుట వేరు, లోపము తీర్చుట వేరు. ఈ రెంటి నడుమ గల దూరమును అమెరికా శాసన చరిత్ర స్పష్టముగా చూపుచున్నది. 1965లో రాల్ఫ్ నాడర్ అను న్యాయవాది ‘అన్‌సేఫ్ ఎట్ ఎనీ స్పీడ్’ అను గ్రంథమున ఆ దేశపు మోటారు కంపెనీల అశ్రద్ధను బయటపెట్టెను. మరుసటి సంవత్సరము, 1966 సెప్టెంబరు 9వ తేదీన, వాహన భద్రతా శాసనముపై అధ్యక్షుడు జాన్సను సంతకము చేసెను. ఆ శాసనము ప్రకారము లోపము కనుగొన్న కంపెనీ బండ్ల యజమానులకు తెలియజేయవలెను. తెలియజేసిన చాలును! ఉచితముగా బాగుచేయవలెనని అందులో లేదు. ఆ మాట 1974లో సవరణ వచ్చిన పిమ్మటనే చేరినది. అనగా ఎనిమిది సంవత్సరముల కాలము జాబు ఒక్కటే చట్టబద్ధము. మందు కంపెనీ దయ.

నేడు ఆ దేశమున నియమములు ఇంకను బిగిసినవి. ప్రభుత్వ సంస్థకు లోపమును తెలిపిన 60 దినములలో యజమానులకు జాబు పోవలెను. మరమ్మతు అప్పటికి సిద్ధము కానిచో మధ్యకాలపు జాబు ఒకటి, సిద్ధమైన పిమ్మట రెండవ జాబు ఒకటి వ్రాయవలెను. యజమాని బండిని తెచ్చి నిలిపిన దినము నుండి 60 దినములలో సరిగా బాగుచేయలేనిచో, తగిన కాలములో చేయలేదనుటకు అదియే ప్రాథమిక సాక్ష్యమగును. అప్పుడు బండి మార్చి ఇయ్యవలెను, లేదా తరుగుదల పోగా సొమ్ము తిరిగి ఇయ్యవలెను. అక్కడివారు సుఖముగా ఉన్నారని చెప్పుట నా ఉద్దేశము కాదు. విడిభాగముల కొఱకు నెలల తరబడి ఎదురుచూచువారు అక్కడను ఉన్నారు. అయినను వారి నిరీక్షణకు లెక్క ప్రారంభమగు తేదీ ఒకటి కలదు.

నిరీక్షణ కాలమున ఏమి చేయవలెనో చెప్పిన జాబులును లేకపోలేదు. 2021లో షెవ్రొలే బోల్టు అను విద్యుత్తు కార్ల బ్యాటరీలు వేడెక్కి అంటుకొనుచున్నవని తేలినప్పుడు, క్రొత్త బ్యాటరీలు వచ్చులోగా కారును ఇంటికి దూరముగ ఆరుబయట నిలుపవలెననియు, నూటికి తొంబది పాళ్లకు మించి ఛార్జి చేయరాదనియు కంపెనీ యజమానులకు చెప్పెను. కారు కొని వీధిలో దూరముగా నిలుపుట కష్టమే; కాని ఏమి చేయవలెనో తెలిసినది. దక్షిణాఫ్రికాలో 2017 జనవరిలో ఫోర్డు కంపెనీ 4,556 కూగా కార్లను వెనుకకు పిలిచెను. వాని ఇంజనులో చల్లబరచు ద్రవము చాలినంతగా ప్రసరింపక, ఇంజను వేడెక్కి, సిలిండరు హెడ్డు చిట్లి, ఆయిలు కారి మంటలు లేచుచుండెను. ఆ పిలుపు వచ్చుటకు ముందే పదుల సంఖ్యలో కార్లు కాలిపోయినవి. అచటి మరమ్మతు రెండు దశలుగా సాగెను. మొదటి దశ ముగించుకొని వచ్చినవారు రెండవ దశకు మరల ఎదురుచూడవలసి వచ్చెను.

ఇక మన సంగతి. 2012 జూలై నుండి మన వాహన నిర్మాతల సంఘము స్వచ్ఛంద నియమావళి ఒకటి పాటించుచున్నది. స్వచ్ఛందము అను మాటకు అర్థము పాఠకులకు విడమరచి చెప్పనక్కరలేదు. 2019లో మోటారు వాహనముల చట్టమును సవరించినప్పుడు 110-ఏ అను విభాగము చేరినది. ప్రాణమునకుగాని పర్యావరణమునకుగాని హాని కలిగించు లోపమున్నచో వాహనములను వెనుకకు పిలువుమని ప్రభుత్వము ఆజ్ఞాపింపవచ్చును. అప్పుడు కంపెనీ బండి పూర్తి ధర తిరిగి ఇయ్యవలెను, లేదా సమానమైన వేరొక బండి ఇయ్యవలెను, లేదా బాగుచేయవలెను, జరిమానా చెల్లింపవలెను. 2021 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చిన నియమముల ప్రకారము ఆ జరిమానా 10 లక్షల నుండి కోటి రూపాయల వరకు. కంపెనీయే తన లోపమును తాను కనిపెట్టి ప్రభుత్వమునకు తెలిపి పిలుపు మొదలిడినచో జరిమానా లేదు. ఈ చివరి మాటలో వివేకము కలదు. తప్పు ఒప్పుకొన్నవానిని శిక్షించినచో ఇక ముందు ఎవడును ఒప్పుకొనడు. అయితే తాను పిలిచినవానికి మందు ఏ తేదీలోగా ఇయ్యవలెనో అను విషయమున, బండి యజమాని చేతితో చూపి అడుగదగిన స్పష్టమైన గడువు ఈ విభాగమున కనబడదు.

ఆ నియమములు అమలులోనికి వచ్చిన ఏడవ వారములోనే పెద్ద పిలుపు ఒకటి వచ్చినది. 2021 మే 19వ తేదీన రాయల్ ఎన్‌ఫీల్డు కంపెనీ 2,36,966 మోటారు సైకిళ్లను వెనుకకు పిలిచెను. లోపము ఇగ్నిషన్ కాయిలులో ఉన్నది. దాని వలన ఇంజను సరిగా మండక తడబడుననియు, అరుదుగా విద్యుత్తు షార్టు కావచ్చుననియు కంపెనీ తెలిపెను. ప్రమాదము జరిగిన పిమ్మట కాక, తన పరీక్షలలో తానే కనుగొని చెప్పినది గనుక మెచ్చుకొనదగిన పనియే. కాని ఆ తేదీని గమనింపుడు. తెలంగాణములో మే 12 నుండి లాక్‌డౌను. ఉదయము ఆరు మొదలు పది గంటల వరకే సడలింపు. ఆంధ్రప్రదేశములో మే 5 నుండి మధ్యాహ్నము పండ్రెండు గంటలకే కర్ఫ్యూ. కొత్త బండి కొని నాలుగు నెలలు కాలేదు, లోపమున్నదని కబురు వచ్చినది, షోరూముకు పోవుటకు దారి లేదు. కరోనా దినములలో ఆస్పత్రికి మందులకు పరుగెత్తవలసిన ఇంట ఉన్న ఒక్క బండియే అట్టిదైనచో, అది నడుమ దారిలో ఆగునో ఆగదో అని యోచించుచు కిక్కు కొట్టినవారి మనఃస్థితిని ఊహింపవచ్చును. పిలిచిన బండ్లలో నూటికి పదికన్న తక్కువ వానికే కాయిలు మార్చవలసి వచ్చునని కంపెనీ అంచనా. లెక్క చూచినచో ఊరట. కాని తన బండి ఆ పదింటిలోనిదో, తొంబదింటిలోనిదో పరీక్ష జరుగువరకు ఎవనికిని తెలియదు. తొంబదిమంది నిష్కారణముగా భయపడినారు. ఆ భయము మాత్రము లెక్కలో తక్కువైనది కాదు.

ఇంజను లేని బండికి ఈ బాధ తప్పినదా అన్నచో, అదియును లేదు. మంట ఇంజనులో నుండి బ్యాటరీలోనికి ఇల్లు మారినది, అంతే. 2022 ఏప్రిలులో నిజామాబాదులో రాత్రి వేళ ఇంటిలో ఛార్జింగు పెట్టిన స్కూటరు బ్యాటరీ పేలి 80 ఏండ్ల వృద్ధుడు మరణించెను. కొన్ని దినములకే విజయవాడలో అట్టి ప్రమాదమున మరియొకరు చనిపోయిరి. ఆ నెలలోనే ఓకినావా కంపెనీ 3,215, ప్యూర్ ఈవీ 2,000, ఓలా 1,441 విద్యుత్తు స్కూటర్లను వెనుకకు పిలిచినవి. కారణములు పరిశీలించి నియమములు సూచించుటకు కేంద్ర ప్రభుత్వము నియమించిన సంఘమునకు హైదరాబాదులోని అధునాతన లోహ పరిశోధనా కేంద్రపు డైరెక్టరు టాటా నరసింగరావు అధ్యక్షత వహించిరి. బ్యాటరీలో వేడి ముదిరినప్పుడు హెచ్చరిక వినబడవలెనను నియమము మొదలగునవి అందుండి వచ్చి, 2022 డిసెంబరు 1, 2023 మార్చి 31 తేదీలనుండి రెండు దశలుగా అమలైనవి. ఇవి క్రొత్తగా తయారగు బండ్లకు. పిలుపు అందుకొని ఇంట ఉన్న పాత బండి సంగతి? అపార్టుమెంటులో మూడవ అంతస్తున ఉండువాడు బ్యాటరీని విప్పి చంకన పెట్టుకొని మెట్లెక్కి వంటగది ప్రక్కన ఛార్జి పెట్టుకొనుట మన పట్టణములలో నిత్యము చూచునదే. వానికి బోల్టు యజమానులకు చెప్పినట్లు ఆరుబయట నిలుపుమని చెప్పినను, వాని ఆరుబయలు ఎక్కడ ఉన్నది?

నిరీక్షణ అందరికి ఒక్క తీరున ఉండదు. ఇంట కారు కూడ ఉన్నవాడు మోటారు సైకిలుమీద గుడ్డ కప్పి ఊరకుండును. భోజనపు పొట్లములు ఇంటింటికి చేర్చు కుర్రవాడు, తెల్లవారుజామున పాలకేనులు కట్టుకొని పట్నము పోవు రైతు, బైకు టాక్సీ నడుపువాడు అట్లు కప్పి ఊరకుండలేరు. బండి నిలిచినను నెలవారీ కిస్తీ నిలువదు. బండి లేని దినమునకు కూలి లేదు. కనుక వారు భయపడుచునే తోలుదురు. నా ఉద్దేశమున ఈ పిలుపుల వ్యవహారములో అసలు అన్యాయము ఇక్కడ ఉన్నది. కాయిలు ఖరీదు కంపెనీ పెట్టుకొనుచున్నది, పెట్టుకొనవలసినదే. ఆ కాయిలు వచ్చులోపలి ప్రమాదమును మాత్రము దానిని భరించు శక్తి అందరికన్న తక్కువగా ఉన్నవాడు మోయుచున్నాడు. డీలరు వద్ద వాడుకకు వేరొక బండి ఇచ్చుటయో, దినమునకు ఇంత అని భత్యము ఇచ్చుటయో కంపెనీకి అసాధ్యమైన పని కాదు. అట్లు ఇయ్యవలసి వచ్చినచో విడిభాగములు కూడ కొంచెము త్వరగా వచ్చునేమో!

అసలు జాబే అందనివారు మరి కొందరు. మన వైపు పాత బండి చేతులు మారునప్పుడు పుస్తకములో పేరు మారకపోవుట సర్వసాధారణము. సంతకము చేసిన ఫారములు ఇచ్చి తాళములు చేతిలో పెట్టినచో బేరము ముగిసినట్లే. కంపెనీ వద్ద ఉన్నది మొదటి కొనుగోలుదారుని చిరునామా. జాబు ఆతనికి పోవును. ఆతడు ఆ బండిని అమ్మి రెండేండ్లయినది గనుక చించి పారవేయును. తోలుచున్నవాడు ఏమియు తెలియక తోలుచునే ఉండును. నిరీక్షించు భాగ్యము కూడ వానికి లేదు. ఇట్టివారు బండి పుస్తకములో ఉండు పదునేడు అక్షరాంకముల చాసిస్ నంబరును డీలరుకు చూపి, దీనిమీద ఏదైనను పిలుపు ఉన్నదా అని అడిగి తెలిసికొనవచ్చును. అడుగుటకు డబ్బు పుచ్చుకొనరు.

పిలుపు ఉన్నదని తేలి, సామాను లేదని డీలరు చెప్పినచో, నోటి మాటతో వెనుకకు రాకుండుట మేలు. బండిని ఫలానా దినమున తెచ్చినారనియు, ఫలానా భాగము లేనందున మార్చలేదనియు, అంతవరకు బండిని తోలవచ్చునో తోలరాదో అనియు ఒక చీటీమీద వ్రాయించుకొనవలెను. మూడవ మాట వ్రాయుటకు డీలరు సందేహించును. పట్టుబట్టి అడుగవలసినది ఆ మాటయే. 2020 జూలై నుండి అమలులో ఉన్న వినియోగదారుల రక్షణ చట్టమున, లోపము గల వస్తువు వలన హాని కలిగినప్పుడు తయారుచేసినవాడు బాధ్యుడను అధ్యాయము ఒకటి కలదు. రేపు జిల్లా వినియోగదారుల కమిషను ముందు నిలువవలసి వచ్చినచో బండివాని చేతిలో ఉండునది ఆ చీటీ ఒక్కటే. దానిమీద డీలరు ముద్రయు, సంతకమును, అన్నిటికన్న ముఖ్యముగా తేదీయు ఉండవలెను.